గద్దె కింద ఇసుక

ఒకానొక రాజ్యం అనగానే ఎక్కడని అడుగుతారు మీరు. సముద్రం ఒడ్డున అని మాత్రం చెప్పగలను. పేరు వేలాపురి. అక్కడ చేపలకూ, గాలికీ, రాజుగారి బిరుదులకూ ఏనాడూ కరువు రాలేదు.

రాజుగారి పేరు ఉద్దండ భూపాలుడు. చెడ్డవాడు కాదు. కాకపోతే తనంతటివాడు ముందు పుట్టలేదు, ఇక పుట్టబోడు అని గట్టి నమ్మకం. ఆయన సభలోకి అడుగుపెట్టగానే వందిమాగధులు బిరుదులు అందుకునేవారు. ఆయన గద్దెనెక్కి, తాంబూలం నమిలి, చిన్న కునుకు తీసి లేచేసరికి కూడా ఇంకా చదువుతూనే ఉండేవారు. ఆ బిరుదులన్నిటిలో ఆయనకు ప్రాణసమానమైనది 'ద్వీప ద్వీపాంతర సార్వభౌమ' అన్నది. నిజానికి ఆయన ఏలుబడిలో ఉన్నది ఒకే ఒక్క ద్వీపం. పేరు శంఖదీవి. తాతగారి కాలంలో వేలాపురిలో కలిసింది.

ఆ దీవి జనం సముద్రంలో మునిగి శంఖాలూ, ముత్యాలూ తీసి రాజుగారికి పన్నుగా చెల్లించేవారు. రాజుగారి ఓడలకు చుక్కాని పట్టేవారు. శత్రువు నావలు కనిపిస్తే అందరికంటే ముందు నీళ్ళలోకి దిగేది వాళ్ళే. ఇన్ని చేసినా వేలాపురి పౌరులు మాత్రం కారు.

ఎందుకు కారంటే, శాసనం అలా ఉంది. వేలాపురి మన్ను మీద పుట్టినవాడే వేలాపురి పౌరుడు. బిడ్డ పుట్టగానే మంత్రసాని చిటికెడు మన్ను తీసి నుదుట బొట్టు పెట్టడం ఆ దేశాచారం. శంఖదీవిలోనూ అదే ఆచారం. అక్కడ దొరికేది తెల్లటి ఇసుక కనుక ఇసుకే పెట్టేవారు. ఆ ఇసుక బొట్టు చెల్లదని మంత్రి ఎల్లనామాత్యుడి తీర్మానం.

దీవిలో పుట్టినవాళ్ళు నగరానికి వస్తే రేవులోనే వాళ్ళ మణికట్టుకు నీలితాడు కట్టేవారు. ఆ తాడు ఉన్నంతకాలం సొంత ఇల్లు కట్టుకోవడానికి లేదు. న్యాయం కావాలంటే సభకు తామై రాకూడదు, ఎవరో ఒక పౌరుడు వెంటబెట్టుకుని రావాలి. మరి తాడు తెగే దారి లేదా అంటే, లేకేం! పన్నెండేళ్ళు నగరం విడవకుండా కాపురం ఉంటే చాలు. అయితే ఏటా వానలు వెనకబట్టగానే ఓడెక్కి దీవికి పోయి, అక్కడి అధికారి దగ్గర మళ్ళీ అనుమతి తెచ్చుకోవాలి. అలా పోయినవాడు నగరం విడిచినట్టే కనుక, లెక్క తిరిగి మొదటికి వస్తుంది. కుండ అడుగున చిల్లి పొడిచి, నింపుకోండి నాయనా అన్నట్టన్నమాట.

ఈ నిబంధన ఎల్లనామాత్యుడి సొంత బుర్రలోంచి పుట్టింది. తలుచుకున్నప్పుడల్లా ఆయన మురిసిపోయేవాడు. "దారి పెట్టాం కదా, నడవలేకపోతే మా తప్పా?" అనేవాడు. ఇలాంటి మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. రాజుగారి కొలువులో హాస్యగాడు కూచనకూ మండేది. నేనైతే నాలుగు తిట్టి ఊరుకుంటాను. కూచన ఊరుకునే రకం కాదు.

కూచన పొట్టిగా, బొద్దుగా ఉండేవాడు. రాజుగారికి కోపం వస్తే సభంతా తలలు వంచుకునేది, కూచన మాత్రం తల గోక్కునేవాడు. అతను తల గోక్కున్నాడంటే ఎవరికో మూడిందని అందరికీ తెలుసు.

ఇక ఆ సభలో ఉన్న వింత ఒకటి చెప్పాలి. వేలాపురి సింహాసనం రాతి మీద ఉండేది కాదు, మన్ను మీద ఉండేది. ఏ సీమ రాజ్యంలో కలిసినా, ఆ సీమ నుంచి గంపెడు మన్ను తెచ్చి సింహాసనం కింద అరుగులో పోసేవారు. దాన్ని గద్దెమన్ను అనేవారు. రాజు పాదుకలు విడిచి, రెండు కాళ్ళూ ఆ మన్ను మీద ఆనించి పలికితేనే అది తీర్పు. చెప్పులతో పలికినా, నిలబడి పలికినా, పక్కన కూర్చుని పలికినా అది ఉత్త మాట కిందే లెక్క. ఉద్దండ భూపాలుడికి ఈ ఆచారమంటే మహా గర్వం. వచ్చిన ప్రతి అతిథికీ తన పాదాలు చూపించి మరీ చెప్పేవాడు.

ఒకనాటి సాయంత్రం సభకు జగ్గయ్య అనే సాలెవాడు వచ్చాడు. రాజుగారి ఓడలకు తెరచాప గుడ్డ నేసేది అతనే. వెంట భార్య నీలాలు, ఆమె భుజాన నిద్రపోతున్న పసివాడు. నీలాలు శంఖదీవి పిల్ల. మణికట్టున నీలితాడు ఉంది.

జగ్గయ్య చేతులు జోడించాడు. "ప్రభూ, క్రిందటేడు నా ఇంటిది నిండు నెలలతో ఉండి ఓడెక్కలేకపోయింది. అనుమతి గడువు దాటిపోయిందని రేవు భటులు పట్టుకున్నారు. రేపు పోయే ఓడలో ఎక్కించేస్తామంటున్నారు. తమరు దయచూడాలి."

రాజు మంత్రివైపు చూశాడు. ఎల్లనామాత్యుడు లేచి కండువా సర్దుకున్నాడు.

"ఇందులో చిక్కేమీ లేదు మహాప్రభూ. ఈ స్త్రీ దీవిలో పుట్టింది కనుక పరదేశి, పోవలసిందే. పసివాడు ఈ నగరంలో పుట్టాడు కనుక మన పౌరుడు. పాలు తాగే పౌరుణ్ణి పరదేశి చేతికిచ్చి సముద్రం దాటించడం శాసన విరుద్ధం. కాబట్టి తల్లి ఓడెక్కాలి, బిడ్డ ఇక్కడే ఉండాలి."

సభలో ఎవరో గట్టిగా నిట్టూర్చారు. ఎల్లనామాత్యుడు అదేదో మెచ్చుకోలు అనుకుని తల పంకించాడు.

నీలాలు ముందుకు వచ్చింది. "మారాజ బాబూ, ఈడికింకా పళ్ళు కూడా రాలేదు. పాలు తాగే పిల్లడ్ని ఒగ్గీసి ఎలాగెల్లిపోను? మళ్ళీ అనుమతొచ్చీసరికి ఏడాది. ఈడు నన్ను గురుతు పడతాడా?"

రాజుగారు ఒకసారి పసివాడివైపు చూశాడు. అయినా దర్పం వదలలేదు. "శాసనం శాసనమే. మేము రాజులం. మా ఇష్టానుసారం నడవడానికి మేమేమన్నా మామూలు మనుషులమా?"

"ఒక్కమాట సెప్పండి బాబూ. మా దీవికి తమరు రాజులేనా?"

"సందేహమా? ద్వీప ద్వీపాంతర సార్వభౌములం!"

"మరైతే నాను తమ మనిసిని కాకపోతే ఇంకెవుల మనిసిని?"

రాజుగారు మంత్రివైపు తిరిగాడు. మంత్రి దగ్గర ఎప్పుడూ ఏదో ఒక జవాబు ఉంటుంది. అదే ఆయన జబ్బు.

"ఏలడం వేరు మహాప్రభూ, మన్ను వేరు. సముద్రానికి అవతల ఉన్నది వేలాపురి మన్ను కాదు. ఇసుక ఇసుకే. శంఖదీవి ఇసుక రేణువు ఎక్కడున్నా అది పరదేశపు రేణువే. దాన్ని తెచ్చి మన ముంగిట పోసినా మనది కాజాలదు."

మూలన కూర్చున్న కూచన తల గోక్కున్నాడు. "అబ్బ, ఎంత బాగా చెప్పారు! చెవులు సరిగ్గా పని చెయ్యక ఆఖరి మాట జారిపోయింది. ఇంకోసారి సెలవివ్వండి."

"దాన్ని తెచ్చి మన ముంగిట పోసినా మనది కాజాలదు!" అని మంత్రి స్తంభాలు మారుమోగేలా అన్నాడు.

"ప్రభువుల వారి మాట కూడా అదేనా?"

"మంత్రి మాటే మా మాట," అన్నాడు రాజు. "శంఖదీవి ఇసుక వేలాపురిది కాదు. ఈ మాటకు విరుద్ధంగా మా కొలువులో ఎవరూ నడవకూడదు. రేపు పొద్దున ఓడ కదలకముందే పాదుకలు విడిచి తీర్పు పలుకుతాం."

"చిత్తం. తమ ఆజ్ఞ నేనే స్వయంగా అమలు జరిపిస్తాను," అన్నాడు కూచన ఎంతో వినయంగా. అతని వినయం చూసి రాజుగారికి కాస్త అనుమానం రావలసింది. రాలేదు.

మర్నాడు పొద్దెక్కుతుండగా రాజుగారు సకల లాంఛనాలతో సభకు వచ్చారు. ముందు వందిమాగధులు, వెనక వింజామరలు. గద్దె దగ్గరకు వచ్చి చూస్తే గద్దె లేదు! సింహాసనాన్ని నలుగురు మోసుకెళ్ళి గోడవారగా పెట్టేశారు. అరుగులోని గద్దెమన్నంతా చాపల మీద కుప్పలుగా పోసి ఉంది. కోటలో బియ్యం ఏరే ఆడవాళ్ళు చాటలూ జల్లెడలూ పట్టుకుని చుట్టూ కూర్చున్నారు. వాళ్ళ మధ్య కూచన గోచీ బిగించి, ఒళ్ళంతా దుమ్ముతో, ఒక జల్లెడ ఆడిస్తున్నాడు.

"కూచనా! ఏమిటీ అఘాయిత్యం?"

"పరదేశాన్ని ఏరేస్తున్నాను ప్రభూ," అన్నాడు కూచన జల్లెడ ఆపకుండా. "తాతగారి కాలంలో శంఖదీవి నుంచి గంపెడు ఇసుక తెచ్చి ఇందులో పోశారు కదా! తెచ్చి ముంగిట పోసినా మనది కాదని నిన్ననే తేలింది. తమరి పాదాల కింద పరదేశం ఉండటమా? నాకు రాత్రి తిండి సయించలేదు."

రాజు మంత్రిని చూశాడు. మంత్రి గోడమీది బొమ్మను చూశాడు.

ఇంతలో వందిమాగధులు తమ పనిలో తాము పడి బిరుదులు మొదలుపెట్టారు. "...రిపుగజ కంఠీరవ, ద్వీప ద్వీపాంతర సార్వ..."

"ఆపండయ్యా, ఆపండి!" అని కూచన చెయ్యెత్తాడు. "ఆ బిరుదు ఇక చదవకూడదు. ఉన్న ఒక్క ద్వీపమూ మనది కాదు. లేని ఆస్తి చెప్పుకుంటే పక్క రాజ్యంవాళ్ళు నవ్వుతారు."

ఉద్దండ భూపాలుడి ముఖం చిన్నబోయింది. చిన్నప్పుడు ఎవరైనా ఆటబొమ్మ లాక్కున్నప్పుడు కూడా ఆయన అంత చిన్నబుచ్చుకుని ఉండడు. "సరే, తొందరగా కానివ్వు. మేము కూర్చోవాలి," అన్నాడు.

కూర్చోవడానికి లేదు. సభలో రాజు గద్దె మీద తప్ప వేరే ఆసనం మీద కూర్చోవడం వంశాచారం కాదు. పాపం ఆయనది స్థూలకాయం, నెత్తిన బరువైన కిరీటం. కాసేపు కుడికాలి మీద నిలబడ్డాడు, కాసేపు ఎడమకాలి మీద నిలబడ్డాడు. చెమటలు పట్టాయి. రేవులో ఓడ బయలుదేరే శంఖం మొదటిసారి వినిపించింది. ద్వారం దగ్గర భటుల మధ్య నిలబడి ఉన్న నీలాలు, బిడ్డను ఇంకా గట్టిగా హత్తుకుంది.

"ఇంకా ఎంతసేపు?" అన్నాడు రాజు.

"అదే తెలియడం లేదు ప్రభూ. తాతగారు తొక్కారు, తండ్రిగారు తొక్కారు, తమరు తొక్కుతున్నారు. బాగా కలిసిపోయింది. ఏ రేణువు ఎక్కడిదో పోల్చుకోలేక ఈ అమ్మలంతా కళ్ళు చిట్లించుకుంటున్నారు. అమాత్యులవారు సాయం చేస్తే గానీ తెమలదు. ఏది మనదో, ఏది పరాయిదో వారికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

రాజు కళ్ళతోనే ఆజ్ఞాపించాడు. ఎల్లనామాత్యుడు పట్టు పంచె దోపుకుని చాప మీద గొంతుక్కూర్చున్నాడు. దుమ్ముకు రెండు తుమ్ములు తుమ్మాడు. చివరికి ఒక తెల్లటి రేణువును వేలికొసన పైకెత్తి, "ఇదిగో! ఇది శంఖదీవిదే!" అన్నాడు.

కూచన వంగి చూశాడు. "ఇది ఏటి ఇసుకలాగా కూడా ఉందండీ. తమరి సొంత ఊరు ఏటి ఒడ్డునే కదా? మీ సీమ గంప కూడా ఇందులోనే పోశారు. తొందరపడి విసిరేస్తే మీ ఊరినే దేశం దాటించినవారవుతారేమో! శంఖదీవిదేనని రాజుగారి పాదాల మీద ప్రమాణం చెయ్యండి, అవతల పారేస్తాను."

మంత్రి ఆ రేణువును వెలుగుకు పెట్టి చూశాడు. తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. మెల్లగా దాన్ని మళ్ళీ కుప్పలోనే పెట్టేశాడు.

బియ్యం ఏరే ఆడవాళ్ళలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజుగారి మీసాలు కూడా కొంచెం కదిలాయి గానీ, కాళ్ళ నొప్పి వల్ల నవ్వు పైకి రాలేదు. "ఏరింది చాలు! ఎలా ఉన్నది అలా పోసేసి గద్దె వెయ్యండి. మేము తీర్పు పలకాలి."

"వేస్తాం ప్రభూ. కానీ అందులో ఒక చిన్న ఇబ్బంది ఉంది," అని కూచన దుమ్ము దులుపుకుని లేచాడు. "వేలాపురి మన్ను మీద కాలాన్చి పలికితేనే తీర్పు. ఇందులో పరదేశం కలిసి ఉందంటే, ఈ తీర్పు చెల్లదు. ఇదొక్కటే కాదు, ఆ ఇసుక పోసిన నాటి నుంచీ పలికినవేవీ చెల్లవు. అమాత్యులవారికి మంత్రి పదవి ఇచ్చింది దీనిమీద కూర్చునే. కాబట్టి ఎల్లనగారూ, తమరు ప్రస్తుతం మంత్రి కారు. నిన్న తమరు చెప్పినది దారిన పోయే మనిషి మాట."

"ఆఁ!" అన్నాడు ఎల్లనామాత్యుడు.

"తమరికి పట్టాభిషేకం జరిగిందీ ఇక్కడే ప్రభూ," అన్నాడు కూచన గొంతు తగ్గించి.

రాజుగారి చెయ్యి తెలియకుండానే కిరీటం మీదికి పోయింది. సభలో ఎవరి ఉద్యోగం వాళ్ళు మనసులో తడుముకుంటున్నారు.

"నీకు భయం వెయ్యడం లేదా, ఇలా మాట్లాడటానికి?" అన్నాడు రాజు.

"నా ఉద్యోగమూ దీనిమీద ఇచ్చిందే కదా ప్రభూ! పొద్దున్నే అది కూడా పోయింది. ఉద్యోగం లేనివాడికి నిజం చెప్పడం ఎంత తేలికో ఇవాళే తెలిసింది."

రేవులో శంఖం రెండోసారి మోగింది. మూడోసారి మోగితే ఓడ కదులుతుంది. జగ్గయ్య రెండు చేతులూ చాచి బిడ్డను అందుకోబోయాడు. నీలాలు ఇవ్వలేదు. ఆమె ఏడవడం లేదు. రాజునే చూస్తోంది.

రాజు ఆ కుప్పలవైపు చూశాడు. నల్లరేగడి, ఎర్రమన్ను, ఏటి వండ్రు, వాటిలో అక్కడక్కడ తెల్లగా మెరుస్తున్న రేణువులు. ఆయన ఒక పిడికెడు తీసుకుని అరచేతిలో చాలాసేపు చూసుకున్నాడు. ఆ పిడికెడు ఆయన జీవితంలో మొదటిసారి కాళ్ళతో కాక చేతితో తాకిన గద్దెమన్ను. దర్పమంతా ఎటో పోయి, ఆ కాసేపు ఆయన ముఖం మామూలు మనిషి ముఖంలా ఉంది. నాకు ఆయన మీద గౌరవం కలిగేది ఇక్కడే.

"ఉపాయం చెప్పు కూచనా."

"ఉపాయం తమరి నోట్లోనే ఉంది. ఈ ఇసుక మనదే అనండి. పదవులు, తీర్పులు, కిరీటం, బిరుదు అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి."

"మనదే అంటే, దాని మీద పుట్టినవాళ్ళు..."

"అది ప్రభువులవారే పూర్తి చెయ్యాలి. నేను ఉద్యోగం లేనివాణ్ణి."

రాజు పొట్ట అదిరేలా నవ్వాడు. కిరీటం పక్కకు ఒరిగినా సర్దుకోలేదు. "పొయ్యండి మన్ను! వెయ్యండి గద్దె!" అని కేక పెట్టాడు. చాటలతో మన్నంతా అరుగులో పడింది. సింహాసనం వచ్చింది. ఉద్దండ భూపాలుడు పాదుకలు విడిచి, అమ్మయ్య అని కూర్చుని, రెండు కాళ్ళూ ఆనించాడు.

"శంఖదీవి ఇసుక వేలాపురి మన్నే. మా తాతగారి నాటి నుంచీ మన్నే. దాని మీద పుట్టినవాళ్ళు పుట్టుకతోనే మా పౌరులు. దీవి నుంచి వచ్చినవాళ్ళు రేవులో తమ పేరూ ఊరూ చెప్పి నగరంలోకి నడవడమే. పన్నెండేళ్ళూ లేవు, తిరిగి పోయి రావడమూ లేదు, తాడూ లేదు."

తర్వాత నీలాలును దగ్గరకు పిలిచి, తన నడుమున ఉన్న చురకత్తితో ఆ నీలితాడు తానే తెంచాడు. తాడు కింద చర్మం తెల్లగా గీత పడి ఉంది. నీలాలు ఆ గీతను బొటనవేలితో రుద్దుకుని, అప్పుడు ఏడ్చింది.

"ఎల్లనామాత్యా, నీ మంత్రి పదవి నీకు తిరిగి వచ్చింది," అన్నాడు రాజు. "ఎలా వచ్చిందో గుర్తుందా?"

"ఇసుక వల్ల మహాప్రభూ," అన్నాడు మంత్రి, ఇంకో తుమ్ము తుమ్మి.

రేవులో శంఖం మూడోసారి మోగింది. ఓడ నీలాలు లేకుండానే కదిలిపోయింది.

నీలాలు బిడ్డను తెచ్చి గద్దె అరుగు మీద కూర్చోబెట్టింది. "ఈడి నుదుటన ఈ మన్నెట్టుకుంటాను బాబూ. ఇందులో ఈళ్ళయ్యదీ ఉంది, నాదీ ఉంది," అంది. ఆమె బొట్టు పెడుతుండగానే పసివాడు నిద్రలేచి, సభనంతా ఒకసారి కలయజూసి, ఏ బెరుకూ లేకుండా గద్దెమన్ను మీద ఉచ్చ పోశాడు.

ఎల్లనామాత్యుడు "శివశివా!" అని చెవులు మూసుకున్నాడు, మూసుకోవలసింది కళ్ళన్న సంగతి మరిచిపోయి.

కూచన వంగి మన్ను చూసి, చేతిలోని జల్లెడను పక్కన పెట్టేశాడు. "చిత్తగించండి ప్రభూ. మన పౌరుడు పని పూర్తి చేశాడు. మన్నంతా ముద్దయింది. ఇక మీదట దీన్ని ఎవరూ జల్లించలేరు."

ఉద్దండ భూపాలుడు నవ్వీ నవ్వీ గద్దె చేతుల్ని పట్టుకున్నాడు. కళ్ళు తుడుచుకుని, మెడలోని ముత్యాల హారం తీసి కూచన మెడలో వేశాడు. అవి శంఖదీవి ముత్యాలు. ఆ జల్లెడకు వెండి అంచు వేయించి సభలో తన ఎదురుగా వేలాడదీయించాడు. తర్వాతి రోజుల్లో ఎవరైనా లేచి వీళ్ళు మనవాళ్ళు, వాళ్ళు కారు అని మొదలుపెడితే, రాజుగారు ఏమీ అనేవాడు కాదు. ఆ జల్లెడను కిందికి దింపి వాళ్ళ చేతికి ఇమ్మనేవాడు.